“పదిహేను శాతం” అన్నారా? “దేని మీదండీ?” అని అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి: మీది ఆత్రేయపురం పక్క ఊరు. ఇంట్లో అమ్మగారు, పిన్నిగారు రేకులు తీస్తారు. ఇన్నాళ్లూ రేకులే అమ్మారు, ఇప్పుడు చుట్టిన పూతరేకులు మీ పేరుతోనే అమ్ముదామనుకుంటున్నారు. హైదరాబాద్ మిఠాయి కొట్టాయన ఒకరు నెలకి 500 పెట్టెలు అడుగుతున్నారు, బాబాయిగారు రెండు లక్షలు పెడతానంటున్నారు. మీకేమో పదో తరగతి నుంచీ లెక్కలంటే భయం, పైగా “ఎవరు ఏ ఉద్దేశంతో మాట్లాడుతున్నారో తెలియడం లేదు.” ఏం నేర్చుకోవాలి అన్నది ప్రశ్న.

సూటిగా చెబుతాను. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, శాతం వస్తే చాలు, అవి ఫోన్లోనూ వస్తాయి. ఇక మనుషుల ఉద్దేశం కనిపెట్టడానికి మొహాలు చదవక్కర్లేదు. ఎవరు ఏ అంకె చెప్పినా “దేని మీద?”, “ఎప్పటికి?” అని రెండు ప్రశ్నలు వేయండి. ఉద్దేశం సాధారణంగా చెప్పిన అంకెలో ఉండదు, దాని పక్కన చెప్పకుండా వదిలేసిన అంకెలో ఉంటుంది. మీకు రెండు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తున్నవి నిజానికి ఒకటే.

ముందు ఒక్క పెట్టె లెక్క వేయండి. ఈ కింది ధరలు నమూనాకే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. పది పూతరేకుల బెల్లం, డ్రైఫ్రూట్ పెట్టె అనుకుందాం. రేకులు 20 పడతాయి, చిరిగేవి రెండు కలిపి 22, ఒక్కోటి రూపాయిన్నర చొప్పున రూ. 33. నెయ్యి 60 గ్రాములు, కిలో రూ. 700 చొప్పున రూ. 42. బెల్లం పొడి 150 గ్రాములు రూ. 9. జీడిపప్పు, బాదం కలిపి 50 గ్రాములు రూ. 40. పెట్టె, లోపలి కాగితం రూ. 16. చుట్టిన కూలి రూ. 20. మొత్తం రూ. 160. అమ్మకం ధర రూ. 200 అయితే మిగిలేది రూ. 40.

ఇందులో దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. రేకులు అమ్మే తీస్తుంది కదా అని ఆ రూ. 33 వదిలేస్తారు. అప్పుడు పెట్టెకి రూ. 73 మిగులుతున్నట్టు కనిపించి బేరంలో చేయి జారుతుంది. అమ్మ తీసిన రేకుకీ బయట అమ్మితే వచ్చే ధర ఉంది. పొగలో, వేడి కుండ ముందు కూర్చుని గుడ్డ లాగే పనిని సున్నా కింద రాయకండి. రేపు ఆర్డర్లు పెరిగి బయటి నుంచి రేకులు కొనాల్సి వచ్చిన రోజున, మీరు ఖాయం చేసుకున్న ధర కిట్టదు.

రేకుల తరుగు కూడా విడిగా రాయండి. రేకు మరీ ఎండితే మడతలో విరుగుతుంది, తడిగుడ్డ ఎక్కువైతే అతుక్కుపోతుంది. పెట్టెకి రెండు చిరగాల్సిన చోట ఐదు చిరిగితే అదనంగా రూ. 4.50 ఖర్చు. నాలుగున్నరే కదా అనిపిస్తుంది. కాని అది మీకు మిగిలే నలభైలో పోతుంది, అంటే లాభంలో 11 శాతం పైనే.

ఇప్పుడు శాతం. ఆ రూ. 40 మీ ఖర్చు (160) మీద 25 శాతం, అమ్మకం (200) మీద 20 శాతం. డబ్బు ఒకటే, శాతాలు రెండు. ఎదుటివారు తమకి ఏది అనుకూలమో అది చెబుతారు. నోటి లెక్కకి ఒక కిటుకు ఉంది: ఖర్చు మీద నాలుగో వంతు లాభం అంటే అమ్మకం మీద ఐదో వంతు, ఖర్చు మీద మూడో వంతు అంటే అమ్మకం మీద నాలుగో వంతు, సగం అంటే మూడో వంతు. 1/4ని 1/5 చేసినట్టు, భిన్నంలో కింది అంకెకి ఒకటి కలపడమే. తిరగేసి వేసేటప్పుడే దెబ్బ తింటారు. అమ్మకం మీద 25 శాతం మిగలాలంటే 160ని 0.75తో భాగించాలి, రూ. 213 పైచిలుకు వస్తుంది. 160కి పాతిక శాతం కలిపి రూ. 200 అని పెట్టేస్తే అనుకున్నది మిగలదు.

రోజుకి ఎన్ని పెట్టెలు అమ్మితే గట్టెక్కుతారు? నెలకి కొట్టు అద్దె రూ. 6,000, సాయానికి ఒక మనిషి రూ. 9,000, కరెంటు, ఫోను, బండి పెట్రోలు రూ. 3,000. మొత్తం రూ. 18,000. దీనికి మీ జీతం కనీసం రూ. 12,000 కలపండి. నా సొంత వ్యాపారంలో నాకు జీతమేంటి అనకండి, ఇంకోచోట పని చేస్తే వచ్చేది కదా. రూ. 30,000ని 40తో భాగిస్తే 750 పెట్టెలు, అంటే రోజుకి 25. పాతికకి తక్కువ అమ్మిన రోజు, గల్లా ఎంత నిండుగా కనిపించినా, వెనక్కి నడిచినట్టే.

పది శాతం డిస్కౌంట్ బోర్డు పెట్టేముందు ఈ 750 గుర్తు చేసుకోండి. రూ. 200 పెట్టె రూ. 180కి ఇస్తే మిగిలేది రూ. 20. తగ్గించింది ధరలో పది శాతం, పోయింది లాభంలో సగం. ఇప్పుడు గట్టెక్కాలంటే 1,500 పెట్టెలు అమ్మాలి. రావులపాలెం హైవే మీద బోర్డు పెట్టినంత మాత్రాన అమ్మకం రెట్టింపు అవుతుందా అన్నది మీరే ఆలోచించండి.

సరే, హైదరాబాద్ ఆయన సంగతి. మీ పెట్టె మీద రూ. 200 అని ముద్రించి, తనకి 15 శాతం మార్జిన్ అడుగుతున్నారని రాశారు. దేని మీద? ముద్రించిన ధర మీద అయితే ఆయన మీకిచ్చేది రూ. 170. ఆయన కొన్న ధర మీద అయితే 200ని 1.15తో భాగిస్తే రూ. 174. తేడా నాలుగు రూపాయలు. కాని మొదటి పద్ధతిలో మీకు మిగిలేది పది, రెండో పద్ధతిలో పద్నాలుగు. మాటల్లో “పదిహేను” మారలేదు, మీ లాభం మాత్రం 40 శాతం మారింది.

రూ. 170కే ఒప్పుకున్నారనుకుందాం. 500 పెట్టెల మీద నెలకి రూ. 5,000. ఇప్పుడు రెండో ప్రశ్న, ఎప్పటికి? అరవై రోజుల అరువు అంటున్నారు. నెలకి మీ ఖర్చు రూ. 80,000, రెండు నెలలకి రూ. 1,60,000 ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది. ఆ డబ్బు మీరు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి రూ. 3,200. ఐదు వేలలో మిగిలింది రూ. 1,800. ఇక దారిలో విరిగినవి, అమ్ముడుపోనివి వెనక్కి పంపుతామనే షరతు ఉంటే, ఒక్కో పెట్టెకి మీకు రావలసిన రూ. 170 పోతుంది. 500లో 11 పెట్టెలు తిరిగొస్తే చాలు, ఆ నెల నష్టం. బస్సు పార్సిల్ ఖర్చు ఇంకా వేయనే లేదు. పూతరేకులు ఎంత పెళుసో నేను మీకు చెప్పాలా!

ఇందులో ఆయన్ని మోసగాడు అనుకోనక్కర్లేదు. ఆయనకి కావలసింది సరుకు ఒక్కటే కాదు, మీ డబ్బుతో తన కొట్టు సరుకుతో నింపుకోవడం కూడా. పెద్ద ఆర్డర్ అనే మాట మీ ధర దించడానికి పనికొస్తుంది. ఇది తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. “మొదట 100 పెట్టెలు పంపుతానండి, సగం అడ్వాన్సు ఇవ్వండి, విరిగినవి దింపుకున్న రోజే ఫోటో పెట్టాలి” అనండి. నిజంగా సరుకు కావలసినవారు వెంటనే నెయ్యి ఏ రకం, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఏ రోజు పంపుతారు అని అడుగుతారు. రేటు ఒక్కటే కావలసినవారు మళ్లీ రేటు దగ్గరికే వస్తారు. హైదరాబాద్ సరుకుకి వేరే పెట్టె చేసి రూ. 240 ముద్రిస్తే, 15 శాతం ఇచ్చినా మీకు రూ. 204 వస్తుంది. రేటు తగ్గించడం కంటే అదే నయం.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, కాంపోజిషన్ స్కీంలో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారు అలా అమ్మకూడదు. మిఠాయిల మీద పన్ను 5 శాతం. అన్నీ కలిపి రూ. 210 అంటే అందులో పన్ను రూ. 10, రూ. 10.50 కాదు. కలిసి ఉన్న ధర నుంచి పన్ను తీయాలంటే 105తో భాగించి 5తో గుణించాలి. పైన వేసినవన్నీ పన్ను లేని లెక్కలు.

బాబాయిగారి రెండు లక్షలు. ఆయన “సగం సగం చూసుకుందాంలే” అన్నారు. దేనిలో సగం? నెలకి 1,000 పెట్టెలు అమ్మారనుకోండి. రూ. 40,000లోంచి ఖర్చులు 18,000 పోతే రూ. 22,000. మీ జీతం తీయకుండా పంచితే చెరి రూ. 11,000. ఆయనకి అది లక్షకి ఐదున్నర వేలు, అంటే ఐదున్నర రూపాయల వడ్డీ. మీరేమో పొద్దున్నించి రాత్రి దాకా పని చేసి అదే పదకొండు వేలు. మీ జీతం 12,000 ముందు తీసి పంచితే చెరి రూ. 5,000, ఆయనకి రెండున్నర రూపాయల వడ్డీ పడుతుంది, మీ చేతికి 17,000. రెండూ “సగం సగమే.”

బంధువులతో ఇది నోటితో అడగడం కష్టం, ఒప్పుకుంటాను. “నీ మీద నమ్మకం నాన్నా” అన్నాక కాగితం తీస్తే బాగుండదనిపిస్తుంది. కాని డబ్బు పెట్టే బంధువు మనసులో సాధారణంగా మూడింట్లో ఒకటి ఉంటుంది: వడ్డీ, పెత్తనం, లేదా కొడుక్కో కూతురికో ఒక కుర్చీ. మూడూ తప్పు కాదు. ఏదో తెలియకపోవడమే తంటా. “బాబాయ్, వడ్డీకి ఇస్తావా, వాటా తీసుకుంటావా? నష్టమొస్తే ఎలా?” అని మర్యాదగానే అడగండి. నష్టం మాట ఎత్తగానే “అబ్బే, నాది అప్పు కిందే రాసుకో” అంటే ఆయనకి కావలసింది వడ్డీ. అప్పుడు వడ్డీయే ఇవ్వండి, వాటా ఇవ్వకండి.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. రూపాయి వడ్డీ అంటే వందకి నెలకి రూపాయి, ఏడాదికి 12 శాతం. ఇది అందరికీ తెలుసు. రోజువారీ కట్టుబడిలోనే మోసపోతారు. చేతికి రూ. 9,000 ఇచ్చి, రోజుకి రూ. 100 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. “పది వేలకి వెయ్యేగా, పది శాతం” అంటారు. కాని ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మీ దగ్గర లేవు, రోజూ కరుగుతూ పోయాయి. సగటున మీ దగ్గర ఉన్నది నాలుగున్నర వేలు. నాలుగున్నర వేల మీద వంద రోజులకి వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం దగ్గర, ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ.

మన డెల్టాలో ఇదే లెక్క రొయ్యల మేత అరువులోనూ ఉంది. 25 కిలోల బస్తా నగదుకి రూ. 2,250, అరువుకి రూ. 2,400 అనుకుందాం. పంట నాలుగు నెలలు కాబట్టి బస్తాకి 150 ఎక్కువైనా నెలకి రూపాయిన్నర చిల్లరే కదా అనుకుంటారు రైతులు. కాని మొదటి నెలలో మేత కొంచెమే పడుతుంది, ఎక్కువ బస్తాలు రొయ్యలు పట్టే ముందు యాభై అరవై రోజుల్లో దిగుతాయి. సగటున బస్తా అరువు నెలన్నర అనుకుంటే అది నాలుగు రూపాయలు దాటిన వడ్డీ. ఆ పైన “రొయ్య మాకు తెలిసిన కొనుగోలుదారుకే ఇవ్వాలి” అనే మాట ఉంటే, అరువు అసలెందుకు ఇచ్చారో తెలిసిపోతుంది. మీకు నెయ్యి, జీడిపప్పు అరువిచ్చేవారి దగ్గరా “ఎప్పటికి” అన్నది ఇలాగే, వాడుకున్న రోజుల మీద కట్టండి.

నెయ్యి కంపెనీ సేల్స్‌మన్ గురించి కూడా. “పది టిన్నులకి ఒకటి ఫ్రీ” అంటే పది శాతం కాదు, పదకొండులో ఒకటి, 9.09 శాతం. 15 కిలోల టిన్ను రూ. 10,500 అయితే పదికి రూ. 1,05,000. నెలకి 750 పెట్టెలకి మీకు పట్టేది 45 కిలోలు, మూడు టిన్నులు. పదకొండు టిన్నులు మూడున్నర నెలలు దాటి ఉంటాయి, వాడుతూ పోతే సగటున సగం సరుకే నిలవ ఉంటుంది కాబట్టి రెండు రూపాయల చొప్పున వడ్డీ సుమారు రూ. 3,850. దానికి బదులు ఫ్రీగా వచ్చింది రూ. 10,500 విలువైన టిన్ను. అంటే ఇది లాభసాటి స్కీమే, నెయ్యి వాసన మారకుండా ఉంచగలిగితే, చేతిలో డబ్బుంటే. లెక్క వేస్తే ప్రతిసారీ “వద్దు” అనే రాదండి. కాని ఆయన నెలాఖరుకే ఎందుకొచ్చాడో గమనించండి, టార్గెట్ కోసం. ఆ వారంలో “మూడు టిన్నులకే ఆ రేటు వేయండి” అని టిన్ను రూ. 9,545కి అడిగి చూడండి. అన్నిసార్లూ కాకపోయినా కొన్నిసార్లు వేస్తారు.

ఇక కొనేవాళ్లు. వీరి ఉద్దేశం మీకు డబ్బు తెచ్చిపెడుతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగండి. హైవే మీద కారు ఆపి కొనేవారు తినడానికి ఒక పెట్టె, పంచడానికి నాలుగు కొంటారు. పంచే పెట్టెకి ఊరిపేరు పెద్దగా కనిపించాలి, విరగకూడదు, చేత్తో ఇచ్చేలా ఉండాలి. సారెకి కొనేవారి సంగతి వేరు. ఆషాఢం సారె, సంక్రాంతి, సీమంతం, వీటికి పూతరేకులు కొనేది వియ్యాలవారి వీధిలో దించడానికి. అక్కడ లెక్క పెట్టేది రుచి కాదు, ఎన్ని వందలన్నది. ఆ మాట ఎవరూ నోటితో అనరు, “కొంచెం కనపడేలా ఉండాలండి” అంటారు. వారికి రూ. 200 పెట్టెలో పది శాతం తగ్గించడం దండగ. 501 పూతరేకులు బుట్టలో పేర్చి, పైన కాగితం కట్టి చూపించండి. యాభై ఖాళీ పెట్టెల ఖర్చు రూ. 800 మీకు మిగులుతుంది, అందులో 400 పెట్టి మంచి బుట్ట కొన్నా నష్టం లేదు. వారికి కావలసిన నిండుతనమూ వస్తుంది.

శాంపిల్ తిని “అద్భుతంగా ఉందండీ” అన్నవారి మాట ఆర్డర్ కింద రాయకండి. మన గోదావరి జిల్లాల్లో “అలాగేనండి, చూద్దాం” అంటే వద్దని మర్యాదగా చెప్పడం. ధర చెప్పి “ఏ రోజుకి పంపమంటారు?” అని అడగండి. తేదీ చెబితే అది ఆర్డర్.

అరువు పుస్తకం పెడితే ఒకటి చూస్తారు. రూ. 2,000 బాకీ ఉన్నవారు మీ కొట్టు ముందునుంచే వెళ్లి ఎదుటి కొట్లో నగదు ఇచ్చి కొంటారు. మీ మీద కోపంతో కాదు, మొహమాటంతో. అరువుతో మీరు పోగొట్టుకునేది ఆ రెండు వేలే కాదు, ఆ మనిషి బేరం కూడా. ఇవ్వకతప్పని చోట రూ. 500 దాటనివ్వకండి, అది తిరిగి అడగడానికి ఇద్దరికీ ఇబ్బంది లేని మొత్తం.

లెక్కలో అన్నిటికంటే కష్టంగా దొరికేది మన సొంత ఉద్దేశం. ధర తగ్గించేది అమ్మకం పెరగడానికా, లేక అడిగినవారి ముందు కాదనలేకా? రెండోది అయితే ధరల పట్టిక గోడకి అంటించండి, బేరం గోడతో ఆడుకుంటారు. హైదరాబాద్ ఆర్డర్ మీద మనసు లాగుతోంది లాభం చూసా, లేక “మా సరుకు హైదరాబాద్‌లో ఉంది” అని ఊళ్లో చెప్పుకోవడానికా? పేరు కావాలనుకుంటే తప్పేమీ లేదు, నెలకి ఎంత దాకా దానికి ఖర్చు పెడతారో ముందే రాసుకోండి. ప్రకటన ఖర్చు కింద వేయండి, అమ్మకం లాభం కింద కాదు.

రాత్రి పది నిమిషాలు పట్టే పుస్తకం ఒకటి పెట్టండి. ఎన్ని పెట్టెలు అమ్మాం, చేతికొచ్చిన డబ్బెంత, అరువు ఎంత, ఎన్ని రేకులు చిరిగాయి. ఈ నాలుగే. ఇంటి ఖర్చుకి గల్లాలోంచి తీస్తే అది మీ 12,000లోంచి తీసినట్టు రాయండి. మూడు నెలలు రాస్తే మీ ధరలు మీకే తెలుస్తాయి.

మీ పెట్టె లెక్క మీ ఊరి రేట్లతో వేసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. అమ్మగారి రేకుల ధర వేయడం మాత్రం మర్చిపోకండి. హైదరాబాద్ ఆయన్ని ఆ పదిహేను శాతం దేని మీదో అడిగాక, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాయండి.